తోడు పెట్టిన బుట్ట: పదిహేను నెలల వాడకం తర్వాత

వంటింటి చెత్తను ఎరువు చేసే ఈ బుట్టకు మొత్తం ఖర్చు 590 రూపాయలు. విడిచిన బట్టలు వేసుకునే ప్లాస్టిక్ బుట్టకు 290, అయిదు కిలోల తవుడుకు 130, బెల్లం, పెరుగు, ఉప్పుకు 70, ఊక సంచిని ఇంటిదాకా తెచ్చిన ఆటోకు 100. ఊకకు మిల్లులో డబ్బులు తీసుకోలేదు. "గింత ఊకకు పైసలేంది సార్, బాయిలర్ల ఏసేదే గదా" అన్నాడు గుమస్తా.

వంటింటి తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకోవడానికి ఏ డబ్బా కొనాలని మా కాలనీలో ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. నేను రెండు వాడాను. ఒకటి కొన్నది, ఇంకొకటి చేసుకున్నది. కొన్నదాని గురించి త్వరగా చెప్పేసి, చేసుకున్నదాని గురించి తీరిగ్గా చెబుతాను.

కొన్నది 3,400 రూపాయల సెట్టు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు వాళ్లతో నాకు తగాదా వద్దు. మూత గట్టిగా పడే రెండు బకెట్లు, అడుగున కుళాయి, ఒక పొడి ప్యాకెట్. రోజూ చెత్త వేసి, పైన పొడి చల్లి, గాలి ఆడకుండా మూత బిగించాలి. బకెట్ నిండాక రెండు వారాలు కదపకుండా ఉంచాలి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత దాన్ని మట్టిలో పూడ్చిపెట్టాలట. ఆ మాట బుక్‌లెట్‌లో ఆఖరి పేజీలో ఉంది. మాది హన్మకొండలో 120 గజాల ఇల్లు. గేటు దాటితే సీసీ రోడ్డు, గేటు లోపల బండ పరుపు. ఫోన్ చేస్తే ఎత్తినమ్మాయి "ఇంటి ముందున్న మట్టిలో ఒక అడుగు తవ్వండి సార్" అంది. సీసీ రోడ్డు ఒక అడుగు తవ్వితే కార్పొరేటర్ నా ఇంటిముందు కూర్చుంటాడమ్మా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. దాని మీద నెలనెలా పొడి ప్యాకెట్ వేరే కొనాలి. మూడో నెలలో పొడి పది రోజులు ఆలస్యంగా వచ్చింది, అప్పటికి కుళాయి దగ్గర కారడం మొదలైంది, పురుగులు వరస కట్టి వంటింటి గడప దాటాయి. మా ఆవిడ ఒక్క మాటే అంది: "ఆ బకెట్లన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

బకెట్లు వెళ్లిపోయాయి. ఆ పద్ధతి తప్పని మాత్రం అనను. పెరడు ఉన్నవాళ్లకు అది బాగానే పనిచేస్తుంది, ఊళ్లో మా బావమరిది ఇప్పటికీ ఆ బకెట్లే వాడుతున్నాడు. నా ఇల్లు ఎలాంటిదో అమ్మినవాళ్లు ఒక్కసారి కూడా అడగలేదు, అదే నా కోపం.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే చెత్త గురించి ఈయనకెందుకింత అంటారు. నేను పాత కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పొద్దున అయిదింటికి కామాటీల హాజరు తీసుకోవడం, ట్రాక్టర్ పంక్చరైతే ఇంకోటి వెతకడం, చచ్చిన కుక్కను ఎవరు ఎత్తాలన్న పంచాయితీ తెంపడం, ఇదే నా ఉద్యోగం. 2012 అక్టోబర్‌లో మమ్మల్ని వరంగల్‌కు పంపించారు. క్లీన్ సిటీ చాంపియన్‌షిప్ అని వారం రోజుల పోటీ. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని చాలా మున్సిపాలిటీల నుంచి మాలాంటి సిబ్బంది వచ్చారు. జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు కొన్ని వీధులు అప్పగించారు. ఇంటింటికీ వెళ్లి తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు తీసుకోవాలి. ఎవరు ఎక్కువ ఇళ్లనుంచి కలపకుండా తెస్తే వాళ్లకు మార్కులు.

నేను వెళ్లింది మొక్కుబడిగానే. మట్టెవాడ వైపు ఒక సందులో మూడో రోజు ఒక పెద్దమ్మ రెండు డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టి, "మా ఊరోళ్లు చెప్తె ఇనలే బిడ్డా. ఏ ఊరోల్లో వచ్చి మా చెత్త ఎత్తుతుంటే సిగ్గయింది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. సొంత ఊళ్లో ఇరవై ఏళ్లు విజిల్ ఊదాను, ఒక్కరు కూడా సిగ్గుపడలేదు. పరాయి ఊళ్లో మూడు రోజులకే పనైంది. ఆ తర్వాత చాలా ఊళ్ల బృందాలు వరంగల్‌ను చూడ్డానికి వచ్చాయి. మేమూ మా ఊరికి తిరిగి వెళ్లి అదే మొదలుపెట్టాం. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో నెలలో మళ్లీ అన్నీ కలిపి ఒకే ట్రాక్టర్‌లో వేశాం. ఎందుకంటే మమ్మల్ని చూడ్డానికి మళ్లీ ఎవరూ రాలేదు. వరంగల్ నుంచి ఒక్క మనిషి వచ్చి, "ఏమైందన్నా, ఎట్ల నడుస్తుంది" అని అడిగి ఉంటే ఇంకో ఏడాదైనా నడిచేదని నా నమ్మకం.

బుట్ట సంగతి మొదటిసారి విన్నది కూడా సర్వీసులో ఉన్నప్పుడే, హైదరాబాద్‌లో ఒక శిక్షణలో. మధ్యాహ్నం భోజనం తర్వాత క్లాసు. తెర మీద ఇండోనేషియాలోని సురబయ అనే ఊరి ఫొటోలు వేశారు. ఆడవాళ్లు బుట్టల ముందు కూర్చుని నవ్వుతున్నారు. నేను సగం నిద్రలో ఉన్నాను. బకెట్ల గొడవ అయ్యాక ఒక రాత్రి ఆ బుట్టలు గుర్తొచ్చాయి. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చదివి చెప్పింది.

కథ ఇది. సురబయ ఇండోనేషియాలో రెండో పెద్ద నగరం. 2001లో అక్కడి కెపుతిహ్ డంప్ యార్డు చుట్టుపక్కల జనం ఇక మా వల్ల కాదని అడ్డం తిరిగారు, యార్డు మూతపడింది, చెత్త వీధుల్లో గుట్టలు పడింది. మన వరంగల్ డంప్ యార్డు పక్కనున్న మడికొండ, రాంపూర్ వైపు బంధువులున్న వాళ్లకు ఆ జనం బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పుడు వాళ్లకు సాయం వచ్చింది వాళ్ల దేశ రాజధాని నుంచి కాదు, జపాన్‌లోని కితాక్యూషు అనే ఇంకో నగరం నుంచి. ఆ కితాక్యూషు సంగతి వింటే నాకు రామగుండం, గోదావరిఖని గుర్తొచ్చాయి. 1901లో అక్కడ ఉక్కు కార్ఖానా పెట్టారు. 1963లో అయిదు ఊళ్లు కలిపి ఒకే నగరం చేశారు. ఆ రోజుల్లో అక్కడి దోకాయ్ అఖాతంలో చేప బతికేది కాదు, ఆకాశం నిండా పొగ. ఆరేసిన బట్టల మీద మసి పడుతుంటే తొబాతా అనే పేటలో ఆడవాళ్లు సంఘాలు కట్టి, మసిని కొలిచి, లెక్కలు చూపించి కంపెనీలను నిలదీశారు. దాబా మీద బట్టలు ఆరేసి సాయంత్రం దులుపుకొనే ఖని ఆడవాళ్లకు చెప్పి చూడండి ఈ కథ, వెంటనే పట్టుకుంటారు.

అలా బాగుపడ్డ నగరం, తనకు తెలిసింది ఇతర ఊళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. 2000 నుంచి 2010 వరకు ఐక్యరాజ్యసమితి ఆసియా విభాగంతో కలిసి కితాక్యూషు ఇనిషియేటివ్ అని ఆసియా నగరాల కోసం ఒక కార్యక్రమమే నడిపారు. ఇలాంటి కూటములు ఇంకా ఉన్నాయి. సిటీనెట్ అని ఒకటి 1987లో మొదలైంది, 2013లో దాని ఆఫీసు యొకొహామా నుంచి సియోల్‌కు మారింది. మన వరంగల్ కూడా 2022లో యునెస్కో వాళ్ల లెర్నింగ్ సిటీస్ జాబితాలో చేరింది. కేరళ నుంచి త్రిస్సూర్, నిలంబూర్ చేరింది కూడా అప్పుడే. పేపర్లో ఫొటోతో వచ్చింది. మా వీధిలో అడిగితే మాత్రం ఒక్కరికీ తెలియదు. సర్వీసులో నేను చూసిన స్టడీ టూర్ల సంగతి ఎత్తితే ఈ రివ్యూ ఇవాళ పూర్తికాదు. శాలువాలు, మెమెంటోలు, బస్సు ముందు గ్రూప్ ఫొటో, తిరిగొచ్చాక పన్నెండు పేజీల నివేదిక. ఆ నివేదికలో పదకొండు పేజీలు గూగుల్‌వి.

సురబయలో జరిగింది వేరు. 2004లో కితాక్యూషు నుంచి కోజి తకాకురా అనే నిపుణుడు అక్కడికి వెళ్లాడు. వట్టి చేతులతో వెళ్లాడు, మెషీన్ ఏదీ మోసుకెళ్లలేదు. అక్కడి ఇళ్లలో ఏం తింటున్నారు, ఏది పులియబెట్టుకుంటున్నారు, బజారులో ఊరికే దొరికేవి ఏమిటి అని చూశాడు. వాళ్లకు సోయాను పులియబెట్టి చేసే టెంపే ఉంది. ఊక ఉంది, తవుడు ఉంది. ఆ ఊళ్లో పులిసే పదార్థాల్లోని సూక్ష్మజీవులతోనే చెత్తను కుళ్లకుండా ఎరువు చేసే దారి కనిపెట్టాడు. మామూలుగా నెలల తరబడి పట్టే పని వారం, రెండు వారాల్లోకి వచ్చింది. తర్వాత దాన్ని ఒక ఇంటి బుట్టలోకి కుదించాడు. మళ్లీ మళ్లీ ఆ ఊరు వెళ్లాడు. పుస్దకోటా అనే స్థానిక సంస్థ, వీధి వీధిలో ఆడవాళ్ల సంఘాలు దాన్ని పట్టుకున్నాయి. నగరపాలక సంస్థ వేల బుట్టలు ఉచితంగా పంచింది, కొన్నేళ్లలోనే యార్డుకు వెళ్లే చెత్త 20 శాతానికి పైగా తగ్గింది. తర్వాత అది ఫిలిప్పీన్స్‌కు, థాయ్‌లాండ్‌కు, మలేషియాకు, నేపాల్‌కు పాకింది. ఎక్కడికి వెళ్లినా అక్కడి ఊక, అక్కడి పులుపు.

మా అమ్మాయి చదువుతుంటే మా ఆవిడ మధ్యలో, "అంటే చెత్తకు తోడు పెట్టుడే గదా" అంది. అంతే. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. పాలకు తోడు పడితే పెరుగు, పడకపోతే విరుగుడు. ఇంట్లో తోడు లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్తాం. పక్కింటి పెరుగు కమ్మగా ఉంటే మన పెరుగూ కమ్మగా అవుతుంది, కానీ పాలు మనవే.

ఇక తయారీ. రెండు సీసాలు తీసుకున్నాను. ఒకదానిలో మూడు లీటర్ల నీళ్లు, గుప్పెడు బెల్లం, గరిటెడు పుల్ల పెరుగు, బాగా పులిసిన దోశపిండి రెండు గరిటెలు. రెండో దాంట్లో మూడు లీటర్ల నీళ్లు, చెంచాడు ఉప్పు, బత్తాయి తొక్కలు, కొత్తిమీర కాడలు, రెండు మూడు క్యాబేజీ ఆకులు. మూతలు వదులుగా పెట్టాలి. నేను మొదటి రోజు గట్టిగా బిగించాను, రాత్రి బెల్లం సీసా మూత ఎగిరి వంటింటి కప్పుకు తగిలింది. మా ఆవిడ గ్యాస్ పేలిందనుకుని బయటికి ఉరికింది. అయిదో రోజుకు బెల్లం సీసాలో తాటికల్లు వాసన వచ్చింది, ఉప్పు సీసాలో పుల్లని వాసన. మా మామయ్య మూత తీసి వాసన చూసి, "దీన్ని చెత్తల పోస్తవా?" అని చాలాసేపు బాధపడ్డాడు.

దాబా మీద గోనెపట్టా పరిచి ఊక, తవుడు సమంగా కలిపాను. రెండు సీసాల నీళ్లు వడకట్టి కొద్దికొద్దిగా పోస్తూ చేత్తో కలపాలి. ఎంత తడి అన్నది ఇక్కడ కీలకం. గుప్పెడు తీసుకుని పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. మలీద ముద్ద చేసినవాళ్లకు చెయ్యే చెబుతుంది. పైన పాత చీర కప్పి వదిలేశాను. రెండో రోజు పొద్దున చీర ఎత్తితే మొహానికి వెచ్చటి ఆవిరి తగిలింది. నాలుగో రోజు కుప్ప మీద సన్నని తెల్లటి బూజు, దూది ఏకి పరిచినట్టు. ఆ తెల్ల బూజు వస్తే తోడు పడ్డట్టు. నల్లది, పచ్చది వచ్చి ముక్కిపోయిన కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, మళ్లీ ఊక కలిపి ఆరబెట్టుకోవాలి.

బుట్టకు చుట్టూ చిల్లులుండాలి, అందుకే బట్టల బుట్ట. లోపలి గోడలకు అట్టపెట్టె కోసి తొడిగాను. అడుగున ఊక నింపిన చిన్న దిండు. దాని మీద తోడు మిశ్రమం సగానికి కొంచెం పైగా. ఆ పైన మళ్లీ ఊక దిండు, దాని మీద గుడ్డ కట్టి మూత. దిండ్లు మా ఆవిడ పాత ధోవతి చింపి కుట్టింది. పై దిండు ఆవిరిని పీలుస్తుంది, వాసనను ఆపుతుంది. ఒక నెల దాన్ని తీసేసి చూశాను, చిన్న ఈగలు మూగాయి. మళ్లీ పెట్టాను, పోయాయి.

రోజూ చేసేది రెండు నిమిషాల పని. కూరగాయ తొక్కలు చిన్నగా తరిగి, మధ్యలో గుంట చేసి వేసి, కలిపి, పైన మిశ్రమం కప్పడం. మేం ముగ్గురం, రోజుకు ముప్పావు కిలో వస్తుంది. కిలో, కిలోన్నర దాకా తట్టుకుంటుంది. డిసెంబర్ చలిలో ఒక పొద్దున చెయ్యి లోపలికి పెడితే జ్వరమొచ్చిన పిల్లాడి కడుపు మీద పెట్టినట్టుంది. థర్మామీటర్ గుచ్చితే 51 డిగ్రీలు చూపించింది. సరిగ్గా నడుస్తున్న బుట్టలో 40 నుంచి 60 మధ్య వేడి ఉండాలట. నిన్న వేసిన బీరకాయ పొట్టు ఇవాళ వెతికితే దొరకదు. మొదట్లో ఆ సంగతి చూపించడానికి ఇంటికొచ్చిన ప్రతివాళ్లనూ బుట్ట దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. టీ తాగకముందే తీసుకెళ్లేసరికి రావడం తగ్గించారు.

ఇబ్బందులు లేవని అనను. మార్చిలో చపాటా మిరపకాయలు తెచ్చి కారం పట్టించాం. తొడిమలు తీసినవి ఒక కిలో అయ్యాయి, పారేయడమెందుకని బుట్టలో వేశాను. మర్నాడు కలిపేటప్పుడు ఆ వేడి ఆవిరి ముక్కులోకి పోయి అరగంట తుమ్మాను, కళ్లు వాచాయి. అవి కరగడానికి పదిహేను రోజులు పట్టింది. మామిడి టెంకలు అసలు కరగవు. కొబ్బరి పీచూ అంతే. మాంసం ఎముకలు నేను వేయను, వేయొచ్చని కొందరంటారు కానీ మా వీధి పిల్లులకు ఆ సంగతి తెలిస్తే నా బుట్ట మిగలదు. సకినాలు కాల్చిన నూనె పోస్తే వేడి ఒక్క రోజు బాగా పెరిగి తర్వాత జిడ్డు ముద్ద అయింది. దసరాకు బంతిపూల దండలు, బతుకమ్మకు మిగిలిన గునుగు మాత్రం అద్భుతం, మూడు రోజుల్లో కలిసిపోయాయి. దండల దారం తీసి వేయండి, నేను తీయలేదు, కలిపే కట్టెకు చుట్టుకుని తెగని పని అయింది.

వానాకాలంలో రెండు వారాలు బుట్ట చల్లబడింది. ఊక, తవుడు చెరో రెండు గుప్పెళ్లు, చిటికెడు బెల్లం వేస్తే లేచింది. మే నెల ఎండకు ఉల్టా, ఎండి పొడి పొడిగా అయి చీమలు పట్టాయి. నీళ్లు చిలకరిస్తే చీమలు వాటంతటవే వెళ్లిపోయాయి. అట్ట నాలుగు నెలలకోసారి మార్చాలి. ఒకసారి పందికొక్కు అడుగు నుంచి అట్ట కొరికి దిండు చింపింది. అప్పటి నుంచి బుట్టను రెండు ఇటుకల మీద పెట్టి, కింద ఇనుప జాలీ వేశాను. నిండిన బుట్టలోంచి సగం తీసి మరో సంచిలో రెండు వారాలు మాగబెడితే ఎరువు. పదిహేను నెలల్లో అయిదుసార్లు తీశాను. దాబా మీద బీర తీగ, కొత్తిమీర, మందారాలు దానితోనే. బీర కాసింది చూసి మా ఆవిడ బకెట్ల సంగతి మర్చిపోయింది. పూర్తిగా కాదు, పండక్కోసారి గుర్తు చేస్తుంది.

చుట్టుపక్కల ఇళ్లకు నా బుట్టలోంచే తోడు ఇచ్చాను, మొత్తం ఏడు ఇళ్లకు. ఇప్పుడు నాలుగు నడుస్తున్నాయి. నేను వారానికోసారి వెళ్లి మూత తీసి చూసినవి ఆ నాలుగే. మిగిలిన మూడు ఇళ్లలో ఒకరు పై అంతస్తు సాఫ్ట్‌వేర్ జంట, చదువుకున్నవాళ్లు, వీడియో చూసి నాకంటే బాగా నేర్చుకున్నారు. వాళ్లకు నేనేం చెబుతానులే అని వెళ్లలేదు. నెల తర్వాత వెళ్తే నిన్నటి సాంబారు, మొన్నటి పెరుగన్నం అలాగే పోసి ఉన్నాయి, అడుగు బురద. "అంకుల్, ఒక్కసారి ముందే వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు ఆ అబ్బాయి. మా ఊరికి వరంగల్ వాళ్లు మళ్లీ రాలేదని పదేళ్లుగా సణిగినవాణ్ణి, మెట్లెక్కి పై ఇంటికి నెలరోజులు వెళ్లలేదు. ఆ జంట బుట్ట కడిగి మళ్లీ బట్టలే వేసుకుంటున్నారు.

నడుస్తున్న నాలుగింటిలో బాగా నడిచేది ఎదురింటి వదినది. ఆమె నేను చెప్పినట్టు చేయలేదు. దోశపిండి బదులు ఇంట్లో నిలవున్న గంజి పుల్లగా అయ్యాక పోసింది. ఊక తక్కువైతే వేరుశనగ పొట్టు కలిపింది. నాది 51 డిగ్రీలైతే ఆమెది 56. థర్మామీటర్ నాదే.

మార్కులంటే, కొన్న బకెట్లకు అయిదుకు ఒకటిన్నర, ఆ సగం కూడా గట్టి ప్లాస్టిక్‌కు. ఈ రోజుకీ మా బావమరిది దగ్గర పగలలేదు. బుట్టకు నాలుగు. ఒకటి ఎందుకు కోశానంటే, ఇది నెలకోసారి ఊరెళ్లిపోయేవాళ్లకు పనికిరాదు. అయిదు రోజులు కలపకపోతే అలుగుతుంది. వంటింటి చెత్తను తరగడానికి విసుగైతే మొదలుపెట్టకండి, తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి స్వచ్ఛ ఆటోకు ఇచ్చేయండి. కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకు ఒక్క బుట్ట ఏ మూలకూ చాలదు. నయీంనగర్‌లో మాకు తెలిసినావిడ నాలుగు పెట్టింది, అయినా ఆదివారం చేతులెత్తేస్తుంది. మొదటి నెల మీ దగ్గరికి వచ్చి మూత తీసి చూసే మనిషి ఎవరో చూసుకుని మొదలుపెట్టండి. హన్మకొండలో అయితే నేను వస్తాను, తోడు ఊరికే ఇస్తాను, బుట్ట మాత్రం మీరే కొనుక్కోండి.

పోయిన వారం ఎదురింటి వదిన చిన్న కోడలికి కరీంనగర్ బదిలీ అయింది. ఆరు కిలోల తోడు గోనెసంచిలో కట్టుకుని హన్మకొండ బస్టాండ్‌లో ఎక్కింది. సంచి వెచ్చగా ఉండేసరికి పక్క సీటామె అనుమానంగా చూసిందట. ఏముందమ్మా అని కండక్టర్ అడిగితే బర్రెల దాణా అని చెప్పిందట. దాణాకు లగేజీ టికెట్ కొట్టలేదు. ఈ ఆదివారం నేను కరీంనగర్ వెళ్తున్నాను, థర్మామీటర్ సంచిలో పెట్టుకున్నాను.